టెంపరరీ క్రౌన్ ఊడకుండా, ఎత్తు రాకుండా అతికించడం

పోయిన ఏడాది ఎండాకాలంలో టెక్కలి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒకావిడకి కింది మొదటి మోలార్ (నమిలే దవడ పన్ను) ప్రెప్ చేసి, అంటే క్యాపు కోసం అరగదీసి, ల్యాబ్ నుంచి అసలు క్రౌన్ వచ్చేదాకా ఉండే టెంపరరీ క్రౌన్ అతికించి పంపించాను. మర్నాడు పొద్దున్న నేను వచ్చేసరికే క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఉంది. "డాక్టరమ్మా, రాత్తిరంతా నిద్దర నేదు, అన్నం నవులుతుంటే ముందు ఆ క్యాపే తగుల్తంది, మిగతా పళ్లు కలవడం నేదు" అంది. నోరు తెరిపించి మార్జిన్ దగ్గర, అంటే క్రౌన్ అంచు పంటిని కలిసే చోట, ఎక్స్‌ప్లోరర్ (సన్నటి మొన ఉన్న పరికరం) పెడితే చుట్టూరా సన్నటి మెట్టు తగిలింది, దాదాపు అర మిల్లీమీటరు పైనే ఆగిపోయింది క్రౌన్. తీసి చూశాను. పక్క గోడల మీద సిమెంటు పొర మామూలుగానే ఉంది, పైకప్పు దగ్గర మాత్రం గడ్డ కట్టి ఉంది. సిమెంటు పెట్టకముందు అదే క్రౌన్ అదే పంటి మీద మార్జిన్ దాకా దిగింది, నేనే చూశాను. అంటే క్రౌన్‌లో లోపం లేదు, ప్రెప్‌లో లోపం లేదు, బయట జనం ఉన్నారని తొందరపడి క్రౌన్ నిండా సిమెంటు నింపి కూర్చోబెట్టాను చూడండి, తప్పు అక్కడ జరిగింది. ఆవిడ ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి శ్రీకాకుళం మళ్లీ రావాల్సి వచ్చింది.

అందుకే ఇది రాస్తున్నాను. బీడీఎస్ అయ్యి కొత్తగా క్లినిక్‌లో కూర్చుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుందని. కాలేజీలో ప్రెప్ గురించి, ఇంప్రెషన్ గురించి గంటల తరబడి చెప్తారు, టెంపరరీ దగ్గరికి వచ్చేసరికి వారం రోజులకే కదా అని దాటేస్తారు. ఆ వారంలోనే పక్క పన్ను ఖాళీలోకి ఒరిగిపోతుంది, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, చిగురు వాచి మార్జిన్ మీదకి పెరుగుతుంది, ఆపైన ల్యాబ్ నుంచి వచ్చిన అసలు క్రౌన్ కూర్చోకపోతే ల్యాబ్ వాళ్లకి ఫోన్ చేసి అరుస్తాం.

నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ఫిట్ అనేది సిమెంటు కలపకముందే తేలిపోవాలి. లూజుగా ఉన్న క్రౌన్‌ని సిమెంటు బిగించదు, పొట్టిగా ఉన్న మార్జిన్‌ని సిమెంటు పూడ్చదు, పూడ్చినట్టు కనిపించినా నాలుగు రోజుల్లో లాలాజలంలో కరిగిపోతుంది. పది నిమిషాలు టైం ఉంటే ఏడు నిమిషాలు ట్రై ఇన్ మీద, అంటే సిమెంటు లేకుండా క్రౌన్ పెట్టి చూడడం మీద, పెట్టండి.

సిమెంటు ట్యూబు ముట్టుకోకముందు

ముందు కాంటాక్ట్ (క్రౌన్ పక్క పంటిని తాకే చోటు), తర్వాత మార్జిన్, ఆఖర్న బైట్ (పై పళ్లూ కింది పళ్లూ కలవడం). ఈ వరస మార్చకండి, ఎందుకంటే కాంటాక్ట్ టైట్‌గా ఉంటే క్రౌన్ పూర్తిగా దిగదు, దిగని క్రౌన్ మీద మార్జిన్ చూసినా బైట్ చూసినా అంతా తప్పే. ఫ్లాస్ (పళ్ల సందుల్లో దూర్చే దారం) వేసి చూడండి. చిన్న టిక్కుమనే అడ్డుతో దిగాలి. అసలు దిగకపోతే కాంటాక్ట్ దగ్గర ఆర్టిక్యులేటింగ్ పేపర్ (తగిలిన చోట రంగు మచ్చ పడే కాగితం) ముక్క పెట్టి క్రౌన్ కూర్చోబెట్టండి, మచ్చ పడిన చోట మాత్రమే కొంచెం కొంచెంగా తియ్యండి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే అక్కడ ఒక చుక్క మెటీరియల్ కలపాలి. "టెంపరరీకి కాంటాక్ట్ ఎందుకండీ" అని నన్ను ఒక జూనియర్ అడిగాడు. కాంటాక్ట్ లేకపోతే రెండు పళ్ల మధ్య పీచు ఇరుక్కుంటుంది, చిగురు నొప్పి మొదలవుతుంది, పేషెంట్ అగ్గిపుల్లతో కెలుకుతాడు, క్రౌన్ లేచి వస్తుంది. అది మొదటి నష్టం. రెండోది పన్ను జరగడం, అది పైకి కనిపించదు కాబట్టి అసలు క్రౌన్ రోజు దాకా తెలియదు.

మార్జిన్ చూసేటప్పుడు ఎక్స్‌ప్లోరర్‌ని రెండు దిక్కుల్లోనూ నడపండి. క్రౌన్ మీద నుంచి వేరు వైపు దించుతుంటే మొన పంటి మీద ఆగిందంటే క్రౌన్ పొట్టిగా ఉంది, ప్రెప్ బయటపడి ఉంది. వేరు వైపు నుంచి పైకి లాగుతుంటే ఆగిందంటే క్రౌన్ అంచు బయటికి పొడుచుకొచ్చింది. పొడుచుకొచ్చినదాన్ని డిస్కుతో అరగదీసెయ్యొచ్చు, పెద్ద పని కాదు. పొట్టిగా ఉంటే కష్టమే, కానీ చెయ్యాలి. బిస్ ఆక్రిల్ (ప్లాస్టిక్ లాంటి రెసిన్ రకం టెంపరరీ మెటీరియల్) అయితే ఆ అంచుని కాస్త గరుకు చేసి, బాండ్ రాసి, ఫ్లోవబుల్ కాంపోజిట్ (కారేలా పల్చగా ఉండే ఫిల్లింగ్ రెసిన్) వేసి పంటి మీదే లైట్‌తో క్యూర్ చెయ్యండి, ప్రెప్ మీద ముందే పల్చగా వాసిలిన్ రాసి ఉంచండి. ప్రెప్ రోజే డెంటిన్ (ఎనామిల్ కింది పొర) మీద బాండింగ్ వేసే అలవాటున్నవాళ్లకీ, కోర్ (పాడైన పంటి స్థానంలో కట్టే లోపలి దిమ్మ) కాంపోజిట్‌తో కట్టిన పళ్లకీ ఈ వాసిలిన్ తప్పనిసరి, లేకపోతే టెంపరరీ మెటీరియల్ దానికే అతుక్కుపోయి కూర్చుంటుంది.

మనలో చాలామందిమి ఇంకా సెల్ఫ్ క్యూర్ ఆక్రిలిక్‌తోనే (పౌడర్, మోనోమర్ అనే ద్రవం కలిపితే దానంతటదే గట్టిపడేది) చేస్తాం, చవక, బలం కూడా ఉంది. దాంతో వచ్చే చిక్కు కుంచించుకోవడం. మోనోమర్ ఒక్కటే గట్టిపడితే ఘనపరిమాణంలో దాదాపు 21 శాతం తగ్గుతుంది, పౌడర్ కలిపాక అది 7 శాతం దాకా దిగుతుంది, ఆ 7 శాతం చాలు మార్జిన్ దగ్గర గ్యాప్ రావడానికి, లోపల ఎక్కడో ఒకచోట పట్టేసి క్రౌన్ దిగకుండా ఆపడానికి. అందుకే ఆక్రిలిక్ టెంపరరీని రీలైన్ చెయ్యకుండా, అంటే లోపల కొత్త పొర పోసి సరిచెయ్యకుండా, సిమెంటు చెయ్యను. రౌండ్ బర్‌తో లోపల అంతా అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా తవ్వండి, మార్జిన్ దగ్గర లోపలి అంచుని కూడా కొంచెం ఏటవాలుగా తియ్యండి, కొత్త మెటీరియల్‌కి అక్కడ చోటు కావాలి. ఒక చుక్క మోనోమర్ లోపల రాసి, పల్చగా కలిపిన ఆక్రిలిక్ పోసి, దాని మెరుపు తగ్గాక పంటి మీద కూర్చోబెట్టండి. రబ్బరులా మారుతున్నప్పుడు ఒకసారి సగం దాకా లేపి మళ్లీ దించండి, ఇలా రెండు మూడు సార్లు. ఈ లేపి దించడం మరిచిపోతే అండర్‌కట్‌లో (లోపలికి గుంటగా ఉన్న చోట) పట్టుకుని అక్కడే గట్టిపడిపోతుంది, ఆపైన దాన్ని కోసి తియ్యడమే.

ఇక్కడ వేడి సంగతి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఆక్రిలిక్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందని అందరికీ తెలుసు, వేళ్లకి తగులుతుంది కూడా. 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ (పంటి లోపల నరం ఉండే మెత్తటి భాగం) ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాదాపు 15 శాతం పళ్లలో పల్ప్ కోలుకోలేదు. ఆర్‌సీటీ (రూట్ కెనాల్) అయిన పంటికి ఈ భయం లేదు, ప్రాణం ఉన్న పంటి మీద మాత్రం వేడి మొదలైందని అనిపించగానే నీళ్ల స్ప్రే కొట్టండి, పూర్తిగా గట్టిపడేదాకా నోట్లో ఉంచకుండా బయటికి తీసి గోరువెచ్చని నీళ్లలో వెయ్యండి. తర్వాత ట్రిమ్ చేసి, ప్యూమిస్ పొడితో పాలిష్ పట్టండి. పాలిష్ అందం కోసం అనుకోకండి, గరుకు ఆక్రిలిక్ మీద పాచి ఒక్క రోజులో పడుతుంది, చిగురు ఎర్రబడుతుంది, సిమెంటేషన్ రోజు రక్తం కారుతుంటే అసలు క్రౌన్ సరిగ్గా పెట్టలేం.

బైట్ చూడాలంటే పేషెంట్‌ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి కొరకమంటే దవడ వెనక్కి పోతుంది. పైగా కింది దవడకి మత్తు బ్లాక్ ఇచ్చి ఉంటాం, సగం మూతి మొద్దుబారి ఉంటుంది, ఎటు కొరుకుతున్నారో వాళ్లకే తెలియదు, "ఎత్తుగా ఉందామ్మా" అని అడిగితే "బాగానే ఉందండి" అంటారు. వాళ్ల మాట మీద ఆధారపడకండి. పన్ను అరగదీయకముందు, మత్తు కూడా ఇవ్వకముందే, ఏ పళ్లు గట్టిగా కలుస్తున్నాయో పేపర్‌తో చూసి పెట్టుకోండి, టెంపరరీ పెట్టాక అవే పళ్లు మళ్లీ కలవాలి. నేను పక్కనున్న పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య షిమ్‌స్టాక్ రేకు పెట్టి, కొరికించి లాగి చూస్తాను, 8 మైక్రాన్ల రేకు అది. ముందు పట్టుకున్న పళ్లు ఇప్పుడు వదిలేస్తే టెంపరరీ ఎత్తుగా ఉన్నట్టే. పళ్ల మధ్య 20 మైక్రాన్ల మందాన్ని కూడా మనిషి పసిగట్టగలడు, మత్తు దిగాక రాత్రంతా ఆ ఎత్తు మీదే దవడ రాపాడుతుంది. పక్కకి జరిపినప్పుడు కూడా చూడండి. టెంపరరీ మీద పక్కవాటు రాపిడి పడితే సిమెంటు ఎంత గొప్పదైనా పగులుతుంది.

ఏ సిమెంటు, ఎప్పుడు

జింక్ ఆక్సైడ్ యూజినాల్ పాతది, నమ్మకమైనది, ప్రెప్ చేసిన పంటికి హాయిగా ఉంటుంది. యూజినాల్ అంటే లవంగనూనెలో ఉండేదే, ఆ వాసన మన క్లినిక్‌ల వాసనే. ఇది రెసిన్‌కి మాత్రం పడదు. రెసిన్ గట్టిపడే రసాయన చర్యని యూజినాల్ ఆపేస్తుంది, కాబట్టి అసలు క్రౌన్‌ని రెసిన్ సిమెంటుతో పెట్టబోతున్నా, లోపల కాంపోజిట్ కోర్ ఉన్నా, నాన్ యూజినాల్ వాడండి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు, యూజినాల్ తగిలిన ఆక్రిలిక్ మెత్తబడుతుంది, తర్వాత రీలైన్ చెయ్యాలంటే కొత్త ఆక్రిలిక్ దానికి సరిగ్గా అతకదు. అసలు క్రౌన్‌కి జీఐసీ (గ్లాస్ అయానోమర్) లూటింగ్ సిమెంటు వాడేట్టయితే, పంటికి సెన్సిటివిటీ ఉంటే, యూజినాల్ రకం ఇప్పటికీ మంచి ఎంపికే.

పట్టు ఎంత కావాలన్నది పంటిని బట్టి, ఊరిని బట్టి. మోలార్ ప్రెప్ ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉండి, గోడలు నిటారుగా ఉంటే మామూలు టెంపరరీ సిమెంటు పల్చగా రాస్తే చాలు, ఎక్కువైతే తియ్యేటప్పుడు కోర్ కూడా వచ్చేస్తుంది. అలాంటి పంటికి నేను సిమెంటులో బియ్యపు గింజంత వాసిలిన్ కలుపుతాను, బలం తగ్గుతుంది. ప్రెప్ పొట్టిగా ఉంటే, లేదా ఇచ్ఛాపురం నుంచో సీతంపేట కొండల మీద నుంచో వచ్చిన మనిషి అయితే, లెక్క వేరు. ఇక్కడ శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ పక్కన ఉండేవాళ్లు క్రౌన్ ఊడితే సాయంత్రం నడిచి వస్తారు. ఇచ్ఛాపురం మనిషికి వంద కిలోమీటర్లకి పైన ప్రయాణం, ఒక రోజు పోయినట్టే. అలాంటివాళ్లకి పాలీకార్బాక్సిలేట్ అనే గట్టి పట్టున్న సిమెంటు వాడతాను, తీసేటప్పుడు నేను కష్టపడతాను, వాళ్లు పడరు. ల్యాబ్ పని ఆలస్యమయ్యే రోజులు కూడా ముందే లెక్కేసుకోండి. సంక్రాంతికి ల్యాబ్‌లో పనివాళ్లు ఊళ్లకి పోతారు, అరసవల్లి రథసప్తమికి మన ఊళ్లోనే రోడ్లు నిండిపోతాయి, వారం అనుకున్నది మూడు వారాలు అవుతుంది.

ముందు పళ్లకి ఇంకో జాగ్రత్త. పల్చటి బిస్ ఆక్రిల్ వెనక తెల్లటి జింక్ ఆక్సైడ్ సుద్దలా కనిపిస్తుంది. పెళ్లి ఫొటోల ముందు వచ్చిన అమ్మాయికి అలా పెట్టి పంపకండి, పారదర్శకంగా ఉండే రెసిన్ రకం టెంపరరీ సిమెంట్లు దొరుకుతున్నాయి, వాటితో పెట్టండి.

కలపడం, మన తేమలో

సముద్రం పక్కన ఉన్న జిల్లా మనది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పిండితే నీళ్లు వచ్చేలా ఉంటుంది. జింక్ ఆక్సైడ్ యూజినాల్‌కి వేడి తగిలినా తేమ తగిలినా సెట్టింగ్ తొందరపడుతుంది, డబ్బా మీద రాసిన టైముని నమ్ముకుంటే క్రౌన్ పంటి దాకా వెళ్లకముందే సిమెంటు తీగలు సాగడం మొదలవుతుంది. నేను మొదట్లో గ్లాస్ స్లాబ్‌ని (సిమెంటు కలిపే గాజు పలకని) ఫ్రిజ్‌లో పెట్టి వాడేదాన్ని, చల్లగా ఉంటే ఆలస్యంగా సెట్ అవుతుందని. ఒకరోజు మా అసిస్టెంట్ స్లాబ్ బయటికి తీసి టేబుల్ మీద పెట్టి, పౌడర్ డబ్బా మూత తీసేలోపే స్లాబ్ మీద సన్నటి మంచు పట్టింది. చల్లటి సోడా సీసా మీద పట్టినట్టే. వేలితో గీస్తే గీత పడింది. ఆ తడిలో సిమెంటు కలిపితే చల్లదనం వల్ల వచ్చిన లాభం పోయి, తేమ వల్ల ఇంకా తొందరగా బిగుసుకుంది. అప్పటి నుంచి ఏసీ గదిలో, గది చల్లదనంలోనే ఉన్న పొడి స్లాబ్ మీదో పేపర్ ప్యాడ్ మీదో కలుపుతున్నాం. ఫ్రిజ్ స్లాబే వాడాలనుకుంటే మంచు బిందువులు పట్టనంత మాత్రమే చల్లబరచండి, ఒకసారి తుడవండి. పేస్టు ట్యూబుల మూతలు వాడిన వెంటనే బిగించండి.

రెండు పేస్టుల రకం అయితే సమానమైన పొడవు తీసి, అర నిమిషంలో ఒకే రంగు వచ్చేదాకా కలపండి. గీతలు గీతలుగా రెండు రంగులు కనిపిస్తుంటే ఇంకా కలవలేదన్నమాట, ఆ చోట సిమెంటు ఎప్పటికీ గట్టిపడదు. పౌడర్ లిక్విడ్ అయితే పౌడర్‌ని ఒకేసారి వెయ్యకుండా కొద్దికొద్దిగా లాగి కలపండి. చిక్కదనం మీగడలా ఉండాలి. క్రౌన్ లోపలిదీ పంటిదీ రెండూ సిద్ధంగా ఉన్నాకే కలపడం మొదలుపెట్టండి, కలిపాక కాటన్ కోసం వెతుక్కోకూడదు.

సిద్ధంగా అంటే ఇవి: పంటి మీద రక్తం, లాలాజలం, అరగదీసిన పొడి లేకుండా ప్యూమిస్‌తోనో తడి కాటన్‌తోనో తుడిచి, కాటన్ రోల్స్ పెట్టి ఆరబెట్టాలి. ప్రాణం ఉన్న పంటిని గాలి కొట్టి ఎండబెట్టకండి, సెన్సిటివిటీ వస్తుంది, కాటన్ అద్దితే చాలు. క్రౌన్ లోపల నూనె జిడ్డు ఉంటే స్పిరిట్‌తో తుడవండి. క్రౌన్ బయట, మార్జిన్‌కి మిల్లీమీటరు పైన మాత్రం, పల్చగా వాసిలిన్ రాయండి, పక్క పళ్ల మీద కూడా, సిమెంటు తర్వాత పొట్టులా ఊడొస్తుంది. లోపలికి ఒక్క చుక్క కూడా పోకూడదు.

నింపకండి, రాయండి

టెక్కలి ఆవిడ విషయంలో నేను చేసిన తప్పు ఇక్కడే. నిండా సిమెంటు ఉన్న క్రౌన్‌ని దించుతుంటే సిమెంటుకి బయటికి పోయే దారి మార్జిన్ ఒక్కటే, క్రౌన్ కిందికి వచ్చేకొద్దీ ఆ దారి సన్నబడుతుంది, పైకప్పు దగ్గర చిక్కుకున్న సిమెంటు ఎదురు తోస్తుంది. మీ వేలికి క్రౌన్ దిగినట్టే అనిపిస్తుంది, నిజానికి అది సిమెంటు మీద తేలుతుంటుంది. కాబట్టి మార్జిన్‌కి లోపల, గోడల మీద, చుట్టూరా రెండు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలా పల్చగా రాయండి. పైకప్పు ఖాళీగా ఉండాలి. ప్లాస్టిక్ ఇన్‌స్ట్రుమెంట్ కొనతో ఒక్కసారి తిప్పితే చాలు. ప్రెప్ మరీ పొట్టిగా ఉంటే గోడల నిండా రాయండి, అప్పుడు కూడా పైకప్పు వదిలెయ్యండి.

కూర్చోబెట్టేటప్పుడు మధ్యలో వేలు పెట్టి నిలువుగా నొక్కండి, కొంచెం ఇటూ అటూ కదిలిస్తూ, చుట్టూ సిమెంటు సమంగా బయటికి వచ్చేదాకా. ఒకవైపే వచ్చి ఇంకోవైపు రాలేదంటే క్రౌన్ ఒరిగింది. ఇప్పుడే, సిమెంటు ఇంకా మెత్తగా ఉండగానే, ఎక్స్‌ప్లోరర్‌తో రెండు మూడు చోట్ల మార్జిన్ తాకండి, ట్రై చేసినప్పుడు తగిలినట్టే తగలాలి. కాటన్ పెట్టకముందు ఒకసారి పళ్లు కలపమనండి, మిగతా పళ్లు కలుస్తున్నాయో లేదో కంటితో చూడండి. తేడా ఉంటే జంకకుండా క్రౌన్ తీసెయ్యండి, తుడిచి మళ్లీ చెయ్యండి. ఇప్పుడు తీస్తే రెండు నిమిషాల పని, రేపు తీస్తే పేషెంట్‌కి ఒక రోజు. అంతా సరిగ్గా ఉంటే కాటన్ రోల్ మీద కొరికి పట్టుకోమనండి, మూడు నాలుగు నిమిషాలు. ఆ లోపల "ఇంకా ఎంతసేపండీ" అని మాట్లాడబోతారు, మాట్లాడనివ్వకండి, నాలుక తగిలి క్రౌన్ కదులుతుంది.

క్లీనింగ్‌కి సరైన క్షణం ఒకటి ఉంది. ప్యాడ్ మీద మిగిలిన సిమెంటుని గోటితో గిల్లండి, సాగకుండా పుటుక్కున విరిగితే టైం అయినట్టు, నోట్లో అయితే వేడికీ తడికీ అంతకంటే కొంచెం ముందే అవుతుంది. ముందే మొదలుపెడితే బంకలా సాగి, మార్జిన్ లోపలి సిమెంటు కూడా లాక్కుని వస్తుంది, అక్కడ ఖాళీ పడుతుంది. ఎక్స్‌ప్లోరర్‌ని మార్జిన్‌కి పక్కగా, చిగురుకి సమాంతరంగా నడిపి పెద్ద ముక్కలు తియ్యండి. పళ్ల మధ్య కోసం ఫ్లాస్‌కి ముడి వేసి పెట్టుకోండి, ఆ ముడి పళ్ల మధ్య నుంచి చెంప వైపుకి లాగితే సిమెంటు ముక్క దానితో పాటు వస్తుంది. ఫ్లాస్‌ని పైకి లాగకండి, క్రౌన్ లేస్తుంది. చిగురు సందులో ఒక్క ముక్క మిగిలినా వారంలో అక్కడ ఎర్రగా వాస్తుంది, కాబట్టి నీళ్లు కొట్టి, గాలి కొట్టి, మళ్లీ చూడండి. రెసిన్ రకం సిమెంటు అయితే లైట్ ఒకటి రెండు సెకన్లు మాత్రం చూపించి, జెల్లీలా ఉన్నప్పుడే ఒలిచెయ్యండి, ఎక్కువసేపు చూపిస్తే రాయి.

బ్రిడ్జి అయితే ప్రతి సపోర్టు పంటి దగ్గరా ఈ చెకింగ్ విడివిడిగా చెయ్యాలి. ఒక వైపు సిమెంటు వదిలేసి ఇంకో వైపు పట్టుకుని ఉంటే బ్రిడ్జి ఊడదు, పేషెంట్‌కి తెలియదు, వదిలిన పన్ను లోలోపల పుచ్చిపోతుంది. మూడు వారాలు దాటితే ఒకసారి పిలిచి చూడండి.

పంపించే ముందు చెప్పాల్సినవి

"గట్టివి, అతుక్కునేవి తినకండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పేరు పెట్టి చెప్పండి. వేరుశనగ పప్పు చెక్క వద్దు, జీడిపప్పు పాకం వద్దు, నువ్వుండలు వద్దు, మామిడి తాండ్ర వద్దు, పనస తొనలు వద్దు. తేగలు అసలే వద్దు, ఆ పీచు క్రౌన్ అంచు కింద దూరి లాగేస్తుంది. ఆ వైపు నమలకుండా మెత్తగా తినమనండి. ఫ్లాస్ వాడేవాళ్లకి పక్కకి లాగమని చూపించండి. బ్రష్ చెయ్యమని తప్పకుండా చెప్పాలి, క్యాపు ఊడిపోతుందని భయపడి వారం రోజులు ఆ వైపు బ్రష్ పెట్టరు.

మన జిల్లా పల్లెల్లో పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఇంకా ఉంది. ఆ వేడికీ పొగకీ టెంపరరీ త్వరగా రంగు మారుతుంది, అది చిన్న విషయం. ఎలాగూ నోరు తెరిపించి ఇరవై నిమిషాలు చూస్తున్నారు కదా, అంగిలి మీద తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు ఉందేమో చూడండి, ఉంటే క్రౌన్ పని పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి.

ఇంకొకటి, ప్రెప్ తర్వాత నొప్పికి మందు రాసేటప్పుడు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇలా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లని కిడ్నీ సంగతి అడగకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రాయకండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉందా అని అడగండి, చాలామంది సంచిలోనే పెట్టుకుని తిరుగుతారు. అనుమానం ఉంటే పారాసెటమాల్‌తో సరిపెట్టండి. నిజానికి బైట్ సరిగ్గా ఉంటే చాలామందికి ఏ మాత్రా అక్కర్లేదు.

ఊడిపోతే

క్రౌన్ జాగ్రత్తగా డబ్బాలో పెట్టి తెమ్మని ముందే చెప్పండి. ఇన్‌స్టంట్ గమ్‌తో ఇంట్లోనే అతికించుకుని వచ్చినవాళ్లని చూశాను, ఆ గమ్‌ని ప్రెప్ మీద నుంచి తియ్యడం పెద్ద పని. వెంటనే రాలేకపోతే కడిగి, లోపల కాస్త టూత్‌పేస్ట్ పెట్టి పన్ను మీద కూర్చోబెట్టుకోమనండి, పడుకునేటప్పుడు మాత్రం తీసెయ్యాలి, నిద్రలో గొంతులోకి పోయే ప్రమాదం ఉంది.

మీ దగ్గరికి వచ్చాక, పాత సిమెంటు మీదే కొత్త సిమెంటు పెట్టి పంపెయ్యకండి. సిమెంటు ఎక్కడ ఉండిపోయిందో ముందు చూడండి. క్రౌన్ లోపల ఉండి పన్ను శుభ్రంగా ఉంటే, అతికించిన రోజు పంటి మీద తడి ఉన్నట్టు అనుమానించాలి. పంటి మీద ఉండి క్రౌన్ లోపల నున్నగా ఉంటే క్రౌన్ లోపల జిడ్డు ఉంది, గరుకు చెయ్యాలి. పైకప్పు మీద ఒక చోట ఆక్రిలిక్ పల్చబడి వెలుతురు కనిపిస్తుంటే అక్కడ ఎత్తు ఉంది, అదే కారణం, ఎదుటి పన్ను ప్రతి ముద్దకీ దాన్ని కొడుతోంది. సిమెంటు మొత్తం గీరి తీసెయ్యండి, సాండ్‌బ్లాస్టర్ (సన్నటి పొడి చిమ్మి గరుకు చేసే పరికరం) ఉంటే ఒకసారి కొట్టండి, లూజుగా ఉంటే రీలైన్ చెయ్యండి, కాంటాక్ట్ నుంచి మొదలుపెట్టి మళ్లీ అన్నీ చూడండి. టెక్కలి ఆవిడకి అలాగే చేశాను. సిమెంటు గీరడానికి పది నిమిషాలు పట్టింది, అతికించడానికి నాలుగు. ల్యాబ్ నుంచి అసలు క్రౌన్ వచ్చేదాకా పదకొండు రోజులు అది కదలకుండా ఉంది, తీసిన రోజు చిగురు గులాబీ రంగులో, ఒక్క రక్తపు చుక్క లేకుండా ఉంది, పింగాణీ క్రౌన్ ఒక్క సర్దుబాటు కూడా లేకుండా దిగింది.